ఆటకు నత్తి వచ్చిన వేళ



ముప్పై మూడేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాడికి నత్తి కొత్త విషయం కాదు. రెండు మూడేళ్ళకొకసారి నా తరగతిలో ఒక పిల్లవాడో, పిల్లో నత్తితో బాధపడుతూ కనిపించేవారు. జవాబు తెలిసి కూడా తొలి అక్షరం దగ్గరే చిక్కుకొని ఎర్రబడిపోయిన ఆ ముఖాలు నాకింకా జ్ఞాపకమే. అయితే అందులో ఒక వింత ఉన్నది. అదే బిడ్డను పద్యం రాగయుక్తంగా పాడమన్నా, పదిమందితో గొంతు కలిపి వల్లెవేయమన్నా, చాలామందిలో ఆ నత్తి ఆ కాసేపు మాయమయ్యేది. నత్తికి చికిత్స చేసేవారు కూడా ఈ సంగతి ఎరుగుదురు. నాలుక మందమై నత్తి వస్తుందని పెద్దలెవరైనా అంటే నేను ఒప్పుకొనకపోవడానికి కారణమిదే. నాలుకే దోషి అయితే పాటలో మాత్రం అది ఎట్లా తిరుగుతుంది? నత్తి వినవచ్చే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి.

ఉద్యోగవిరమణ చేసిన ఇన్నేళ్ళకు ఈ విషయం నాకు మళ్ళీ అక్కరకు వచ్చింది, అదీ ఒక కంప్యూటరు ఆట విషయంలో. చక్కగా నడుస్తున్న ఆట ఉన్నట్టుండి తెరమీద ఆగి, తటాలున ఉరికి, మళ్ళీ ఆగుతుంటే ఆంగ్లంలో దానిని స్టట్టరింగ్ అంటారు. మనిషి నత్తికీ వాళ్ళది అదే మాట. ఎవరు పెట్టారో కాని చక్కని పేరు.

అరవై దాటిన పంతులుకు ఆటలేమిటని కొందరికి సందేహం రావచ్చును. చెబుతాను. మా అబ్బాయి కుటుంబం అమెరికాలో డల్లాసులో ఉంటుంది. మా అమ్మాయి హైదరాబాదులో. అబ్బాయి కొడుక్కి అప్పుడు పదకొండేళ్ళు, అమ్మాయి కూతురికి పదమూడు. ప్రతి ఆదివారం ఉదయం ఏడున్నరకు, అంటే డల్లాసులో శనివారం రాత్రి తొమ్మిది గంటలకు, మేము ముగ్గురం ఒక గంటన్నరసేపు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2 అనే ఆట ఆడుకుంటాము. ముగ్గురం ఒక జట్టు, ఎదుటి పక్షం కంప్యూటరు. ఈ ఆట మొదట 1999లో వచ్చింది. దానిని తయారుచేసిన ఎన్సెంబుల్ స్టూడియోస్ కూడా డల్లాసుదే. ఆ సంస్థ 2009లో మూతపడింది. 2019లో ఆటను కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు. మేము ఆడేది ఆ కొత్త రూపాన్నే. 2022లో దానికి భారతదేశపు రాజ్యాలతో ఒక అనుబంధం వచ్చింది. అందులో రాజేంద్ర చోళుని పేర ఒక కథాక్రమం ఉన్నది. ఆ రాజేంద్రుడు మన రాజరాజ నరేంద్రునికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడాను. రాజరాజ నరేంద్రుని కొలువులోనే నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణకు పూనుకొన్నాడు. బడిలో నలభైమందిని కూర్చోబెట్టి చెప్పినప్పుడు ఆవులించే ఈ చరిత్రను, చేతిలో ఏనుగులూ కోటలూ ఉన్నప్పుడు మా పిల్లలు చెవులు రిక్కించి విన్నారు.

మా ఆటకు ఒక్కటే నియమం: ఆ గంటన్నరసేపు తెలుగే మాట్లాడాలి. మొదట్లో మనవడికి అన్నిటికీ "తీసుకురా" ఒక్కటే తెలుసు. గొర్రెలను తీసుకురా, కట్టెలు తీసుకురా, సైన్యాన్ని తీసుకురా. నేను ఏనాడూ తప్పు పట్టలేదు. నా వంతు వచ్చినప్పుడు "గొర్రెలను తోలుకొస్తున్నానురా", "కట్టెలు మోసుకొస్తున్నాను", "గుర్రపుదండును వెంటబెట్టుకొస్తున్నాను" అంటూ ఉండేవాడిని. అడవిపందిని వేటాడాలంటే మాత్రం ఈ ఆటలో దాన్ని ఒక బాణంతో కవ్వించి, వెంటపడనిచ్చి, ఊరి నడుమకు రప్పించాలి. ఆరునెలలు తిరిగేసరికి వాడు "తాతయ్యా, నేను పందిని కవ్వించుకొస్తున్నా, కాచుకో!" అన్నాడు. ఆ రోజు మా ఊరు శత్రువులు తగులబెట్టి పోయినా నాకు దిగులనిపించలేదు.

ఇక అసలు కథ. 2025 మార్చి 30, ఆదివారం, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఆట నిరాటంకంగా సాగింది. మరుసటి ఆదివారం, ఏప్రిల్ 6, శ్రీరామనవమి. ఆట మొదలైన పదిహేను నిమిషాలకు తెర ఒక్క క్షణం స్తంభించింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ స్తంభించింది. అరగంట గడిచేసరికి రెండడుగులకొకసారి కుంటుతున్న ఎడ్లబండిలాగా తయారయింది. వింత ఏమిటంటే, డల్లాసులోనూ హైదరాబాదులోనూ పిల్లల తెరలు కూడా అట్లాగే ఆగసాగాయి.

దీనికి కారణం ఆట కట్టుబడిలోనే ఉన్నది. వందలకొద్దీ సైనికుల కదలికలను అంతర్జాలం మీద పంపడం భారమని, ఈ ఆటలో ఆటగాళ్ళు ఇచ్చే ఆజ్ఞలను మాత్రమే ఒకరి యంత్రంనుంచి మరొకరికి పంపుతారు. ఆ ఆజ్ఞలనుబట్టి ప్రతి యంత్రమూ మొత్తం యుద్ధాన్ని తనంతట తాను లెక్కకట్టుకుంటుంది. అన్ని లెక్కలూ అడుగు తప్పకుండా కలిసి నడవాలి. నిర్మాతలలో ఇద్దరు, పాల్ బెట్నర్, మార్క్ టెర్రనో, 2001లో ఈ పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. పదిహేనువందల మంది విలుకాండ్రను 28.8 వేగపు మోడెము మీద ఎట్లా నడిపించారన్నది దాని విషయం. ఈ పద్ధతిలో ఒక యంత్రం వెనకబడితే మిగిలినవన్నీ దానికోసం ఆగాలి. పంక్తిభోజనంలో చివరివాడు ముగించేదాకా తక్కినవారు విస్తరిముందునుంచి లేవరు కదా, అట్లాగన్నమాట. ఇక్కడ ఆ చివరివాణ్ణి నేను.

ఏప్రిల్ 13న కూడా అదే తంతు. ఆట ఆగినప్పుడల్లా పిల్లలిద్దరూ ఒకరితో ఒకరు ఇంగ్లీషులో కబుర్లు మొదలుపెట్టారు. మౌనంగా కూర్చోలేని వయస్సు, వాళ్ళను అనవలసినదేమీ లేదు. కాని ఆట ఆగిన ప్రతి ఖాళీలోకీ ఇంగ్లీషు వచ్చి కూర్చోవడం నా చెవులారా విన్నాను. ఏప్రిల్ 20 నాటికి మనవడు ముందే చెప్పేశాడు: "తాతయ్యా, ఈ వారం వద్దులే, నాకు హోమ్‌వర్క్ ఉంది." ఆ గొంతులో నన్ను నొప్పించకూడదన్న జాగ్రత్త వినిపించింది. పదకొండేళ్ళవాడు నన్ను చూసి జాలిపడుతున్నాడు! మనవరాలు ఇంకో ఉపాయం చెప్పింది: "మేమిద్దరం ఆడతాం తాతయ్యా, నువ్వు చూస్తూ ఉండు." చూస్తూ ఉండటం నాకు కష్టమేమీ కాదు. కాని చూసేవాడితో "పందిని కవ్వించుకొస్తున్నా, కాచుకో" అని ఎవరంటారు?

మా అబ్బాయి "నాన్నగారూ, అది 2019లో కొన్నది, కొత్తది తెప్పిస్తాను" అన్నాడు. ఊళ్ళో ఒక దుకాణంవారు మూత విప్పి చూడకుండానే అదే మాట చెప్పారు. నాకు మనస్కరించలేదు. పోయిన ఉగాదినాడు పరుగెత్తిన యంత్రం శ్రీరామనవమికి ముసలిదయిపోతుందా? వార్ధక్యం నాకు తెలుసు, అది అట్లా వారంలో రాదు. నిదానం తెలియని రోగానికి మందు మార్చి ప్రయోజనమేమిటి?

పరీక్షకు ముందు, ఈ రోగం పేరున చెలామణి అయ్యే మూడింటిని విడదీసుకోవాలి. మొదటిది మందగమనం. చిత్రాన్ని గీసే శక్తి చాలక ఆట మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా నెమ్మదిగా సాగుతుంది. రెండవది జాగు. తెర నున్నగానే కదులుతుంది, కాని ఇచ్చిన ఆజ్ఞ అమలు కావడానికి ఆలస్యమవుతుంది. అది అంతర్జాలపు దోషం. మూడవది నత్తి. నడక మధ్యలో విరుగుతుంది.

ఇక్కడ ఛందస్సు తెలిసినవారికి ఒక సౌలభ్యం ఉన్నది. కదిలే చిత్రం సెకనుకు 60 బొమ్మల చొప్పున తెరమీదకు వస్తే కంటికి నున్నగా ఉంటుంది. అంటే ఒక్కొక్క బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. ఇప్పుడు 59 బొమ్మలు మొదటి అరసెకనులోనే వచ్చేసి, అరవయ్యవది మిగిలిన అరసెకను తినేసిందనుకోండి. లెక్కపెట్టేవాడికి అరవయ్యీ ఉన్నాయి. చూసేవాడికి మాత్రం ఆట అరసెకను చచ్చిపోయింది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలని లెక్కపెట్టి ఇరవై నింపితే పద్యమవుతుందా? భరనభభరవ అనే వరుసలో గురులఘువులు పడాలి, పదవ అక్షరానికి యతి కుదరాలి. అందువలన తెరమూలన కనబడే "సెకనుకు ఇన్ని" అన్న సగటును చూసి మోసపోకూడదు. ఒక్కొక్క బొమ్మకూ పట్టిన కాలాన్ని గీతగా చూపే పరికరాలు ఉన్నాయి, వాటిని చూడాలి. నా గీత చదునుగా సాగుతూ మధ్యమధ్య తాటిచెట్లలాగా లేచింది. నత్తి అని తేలింది.

కారణం వెదకడానికి మన తార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకాలకు మించిన సాధనం లేదు. అది ఉంటే ఇది ఉండాలి. అది లేకుంటే ఇది లేకపోవాలి. రెండూ కుదిరితేనే కారణం. ఒకసారికి ఒక్కదానినే మార్చాలి. రెండు కలిపి మారిస్తే రోగం తగ్గినా ఏ మందుకు తగ్గిందో తెలియదు.

మొదటి అనుమానం అంతర్జాలం. తీగ పీకి, ఒక్కడినే కంప్యూటరుతో ఆడాను. నత్తి అట్లాగే ఉన్నది. అంతర్జాలం నిర్దోషి.

రెండవ అనుమానం ఆ వారంలోనే యంత్రానికి దిగిన కొత్త నవీకరణ. అందరూ దానిమీదే వేలు పెట్టారు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకే పండును రాల్చిందనుకోవడం లోకరీతి. కాని అదే నవీకరణ మనవరాలి యంత్రంలోనూ దిగింది, అక్కడ ఏ బాధా లేదు. నా యంత్రంలో గ్రాఫిక్సు డ్రైవరును పాతదానికి మార్చి చూశాను. తేడా లేదు. ఇది కాకతాళీయం.

మూడవది చిత్రపు భారం. నీడలు తీసివేశాను, నీటి మెరుపులు తగ్గించాను. నత్తి అంతే. ఈ ఓటమి కూడా ఒక సాక్ష్యమే. గీసే పని సగం చేసినా రోగం కదలలేదంటే, జబ్బు గీసే కార్డులో లేదన్నమాట.

నాలుగవది జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్. నాది 8 జీబీ. అది నిండిపోతే యంత్రం హార్డుడిస్కును అరువు తెచ్చుకుంటుంది, డిస్కు ఎన్నోరెట్లు నెమ్మది కనుక అక్కడ తడబాటు వస్తుంది. టాస్క్ మేనేజరు తెరిచి చూశాను. ఆరింటికి మించలేదు. ఆట తడబడే క్షణాన డిస్కు కూడా రెండు మూడు శాతం పనితో కునుకు తీస్తున్నది. వెనకమాటున వైరస్ తనిఖీలేవీ జరగడం లేదు.

ఇక మిగిలినది ప్రాసెసరు. ఇక్కడ ఒక చిక్కున్నది. ఈ తరహా ఆటలో సమయం గడిచినకొద్దీ సైన్యం పెరుగుతుంది. ఒక్కొక్కరికీ వందలాదిమంది ఉంటారు. వారందరి దారులూ, దెబ్బలూ లెక్కకట్టవలసినది ప్రాసెసరే. పదిహేను నిమిషాల తరువాత నత్తి వచ్చిందంటే సైన్యం పెరిగినందువల్లనా, లేక యంత్రం అంతసేపు నడిచినందువల్లనా? రెండూ కలిసే పెరుగుతాయి కనుక మామూలుగా ఆడుతూ వీటిని వేరుచేయలేము.

అందుకని రెండు పరీక్షలు చేశాను. మహాయుద్ధం మధ్యలో ఆటను భద్రపరచి, యంత్రం ఆపివేసి, మర్నాడు తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు అక్కడినుంచే తెరిచాను. సైన్యాలన్నీ ఉన్నాయి, నత్తి లేదు! పది నిమిషాలు నిక్షేపంగా నడిచి ఆ తరువాత మొదలయింది. వెంటనే దానిని మూసి, గొర్రెలూ ముగ్గురు పల్లీయులూ తప్ప మరేమీ లేని కొత్త ఆట తెరిచాను. సైన్యం లేదు, నత్తి ఉన్నది. దీనితో సైన్యం నిర్దోషి అని తేలిపోయింది. నత్తి యంత్రం నడిచిన సేపును పట్టి వస్తున్నది.

అప్పుడు ప్రాసెసరు వేగాన్నీ వేడినీ పక్కపక్కన చూపే ఒక ఉచిత పరికరం పెట్టి చూశాను. 3.6 గిగాహెర్ట్జు దగ్గర ఉండవలసిన వేగం ఉన్నట్టుండి 0.8కి పడిపోతున్నది. పడిన ప్రతిసారీ వేడి 100 డిగ్రీల దగ్గర ఉన్నది. ప్రాసెసరుకు ఆత్మరక్షణ ఉంటుంది. వేడి హద్దు దాటబోతే తన వేగాన్ని తానే తగ్గించుకొని చల్లబడుతుంది. చల్లబడగానే మళ్ళీ పరుగెత్తుతుంది, మళ్ళీ కాగుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఆగడమూ ఉరకడమూ అట్లా పుట్టినవే. తెరమీద కనిపించిన నత్తి పెట్టె లోపలి జ్వరానికి లక్షణం.

పెట్టె పక్కరేకు విప్పి ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టాను. నత్తి చాలావరకు తగ్గింది. రేకు మూశాను, వచ్చింది. మళ్ళీ విప్పాను, తగ్గింది. అన్వయమూ వ్యతిరేకమూ రెండూ కుదిరాయి.

కాని ఒక ప్రశ్న మిగిలింది. ఆరేళ్ళుగా రాని జ్వరం ఈ చైత్రంలోనే ఎందుకు వచ్చింది? ఎండలు ఏటా ఉన్నవే. మా వీధి చివర ఇన్వర్టర్లు బాగుచేసే కుర్రవాడు ఒకప్పుడు నా శిష్యుడు. పిలిస్తే వచ్చి, యంత్రం కట్టివేసి, తీగలన్నీ తీసి, ప్రాసెసరుమీది ఫ్యాను విప్పాడు. "మాస్టారూ, ఇదేమిటండీ, లోపల కంబళి కప్పినట్టుంది!" అన్నాడు. ఫ్యాను కింద అల్యూమినియం రెక్కల మధ్య తెల్లని దూది దట్టంగా పేరుకొని, మీద దుమ్ముపట్టి అట్టకట్టింది. ఇద్దరమూ ఒకేసారి కిటికీవైపు చూశాము. పక్క ఖాళీస్థలంలో బూరుగుచెట్టు. కాయలు పగిలి, గాలికి దూది వీధంతా తేలుతున్నది. ఏటా తేలేదే. కాని ఆ కిటికీకి అడ్డంగా ఉన్న పాత రేకులషెడ్డును ఆ సంక్రాంతి తరువాత కూలగొట్టారు. ఇక దూదికి అడ్డులేకపోయింది.

శుభ్రం చేయడంలో రెండు మూడు జాగ్రత్తలున్నాయి, మీకూ పనికివస్తాయని రాస్తున్నాను. కరెంటు తీగ పీకకుండా పెట్టె ముట్టుకోరాదు. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకొనాలి. విచ్చలవిడిగా తిరగనిస్తే ఇరుసు దెబ్బతింటుంది. ఇల్లు ఊడ్చే వాక్యూం యంత్రాన్ని లోపల పెట్టకూడదు, దాని రాపిడికి పుట్టే స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగాలను పాడుచేయవచ్చు. మెత్తని కుంచె, చేతితో నొక్కే గాలితిత్తి చాలు. ప్రాసెసరుకూ లోహపు దిమ్మెకూ మధ్య వేడిని అందించే లేపనం ఒకటి ఉంటుంది. నా యంత్రంలో అది ఎండి గోడ సున్నంలాగా పొడిరాలింది. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్తది బఠాణీగింజంత పెట్టి బిగించాడు. ఖర్చు మూడువందల లోపు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. భోజనం చేసి వెళ్ళమంటే మాత్రం కాదనలేదు.

ఆ సాయంత్రం అదే మహాయుద్ధాన్ని తెరిచి గంటసేపు నడిపించాను. వేడి 70 దాటలేదు. బొమ్మల గీత కోనేటి నీరులాగా నిలిచింది. కొత్త యంత్రం తెప్పించి ఉంటే? అదే కిటికీ పక్కన పెట్టేవాళ్ళం. మరుసటి చైత్రానికి దానికీ ఇదే జ్వరం వచ్చేది. ఇప్పుడు కిటికీకి సన్నని జాలీ బిగించాము. చెట్టు జోలికి పోలేదు, దాని ధర్మం అది చేస్తున్నది.

ఏప్రిల్ 27 ఆదివారం మళ్ళీ ముగ్గురం కూర్చున్నాము. మొదటి అరగంట పిల్లలు ఆటకంటే నా యంత్రాన్ని కనిపెట్టుకొని ఉన్నారని నాకు తెలుస్తూనే ఉన్నది. నలభైయవ నిమిషానికి మరచిపోయారు. అప్పుడు చెప్పాను బూరుగుదూది కథ. మనవరాలికి దిండ్లలో దూది తెలుసు. మనవడికి బూరుగు అనే మాటే తెలియదు.

"అంత దూరం ఆ దూది ఎలా వచ్చింది తాతయ్యా?"

"గాలి మోసుకొచ్చిందిరా."

వాడు ఒక్క నిమిషం ఆలోచించాడు. "మోసుకురావడం బరువుకి కదా తాతయ్యా? దూదికి బరువే లేదుగా. గాలి తోలుకొచ్చింది అనాలేమో!"

నేను జవాబు వెదుక్కునేలోగా తోడేలు వచ్చి నా పల్లీయుణ్ణి తినేసింది.